ఆకాశం నిండా పాచే ఉండొచ్చు

గ్రహాంతరవాసులు ఎందుకు కనబడరని అడిగితే ఎక్కువ మంది చెప్పేది, వాళ్లు బాంబులేసుకుని పోయుంటారని, లేదంటే చాటుగా మనల్ని చూస్తున్నారని. 1950లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో భోజనం చేస్తూ భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి అడిగిన ఈ ప్రశ్నకు జవాబు నక్షత్రాల్లో కన్నా చెరువు పాచిలో దొరుకుతుందని నా అనుమానం.

భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్లలో దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి సూక్ష్మజీవుల ఆనవాళ్లున్నాయి, అంటే జీవం పెద్దగా ఆలస్యం చేయలేదు. కానీ ఆ తర్వాత సుమారు 150 కోట్ల ఏళ్లు బ్యాక్టీరియా, ఆర్కియా (ఇవీ బ్యాక్టీరియాలాగే కణంలో కేంద్రకం లేని మరో రకం ఏకకణ జీవులు) తప్ప ఇంకేమీ లేవు. చివరికి ఒక ఆర్కియా కణంలో ఒక బ్యాక్టీరియా చేరి, అరిగిపోకుండా అక్కడే కాపురం పెట్టింది. స్కూల్లో 'కణ శక్త్యాగారాలు' అని బట్టీపట్టామే, ఆ మైటోకాండ్రియా దాని సంతానమే. మర్రిచెట్టు, పుట్టగొడుగు, చీమ, మనం, అందరం ఆ ఒక్క కలయిక నుంచి వచ్చినవాళ్లమే. రెక్కలు పురుగులకు, టెరోసార్లనే పాతకాలపు ఎగిరే సరీసృపాలకు, పక్షులకు, గబ్బిలాలకు విడివిడిగా నాలుగుసార్లు వచ్చాయి, కళ్లయితే పదుల సార్లు. ఇది మాత్రం ఒక్కసారే. ఆ ఇంటి కరెంటు లేకపోతే కణం పెద్దదై సంక్లిష్టం కావడం కష్టమని జీవరసాయన శాస్త్రవేత్త నిక్ లేన్ వాదన, నాకది నచ్చింది.

తెలివి సంగతి కూడా అంతే. డైనోసార్లు 16 కోట్ల ఏళ్లకు పైగా రాజ్యమేలినా రేడియో కట్టలేదు. ఆక్టోపస్‌కి బుర్ర ఉంది, పాపం నీళ్లలో నిప్పు రాజేయలేదు.

తెలివైన జీవం రావాలంటే ఇలాంటి అరుదైన మెట్లు దాటాలని 1983లో భౌతిక శాస్త్రవేత్త బ్రాండన్ కార్టర్ లెక్కలు కట్టి వాదించాడు. దీన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు: మొదట గెలిచినవాడు మిగతావాళ్లకు చోటివ్వకపోయి ఉండొచ్చు, గాలిలో ఆక్సిజన్ చాలినంత చేరేదాకా ఎవరికైనా ఆగక తప్పలేదేమో అని 2025లో కొందరు శాస్త్రవేత్తలు గట్టిగానే వాదించారు. ఆక్సిజన్ మాట నిజమే. కానీ అది అందాక కూడా బ్యాక్టీరియా బ్యాక్టీరియాగానే ఉండిపోయిందిగా!

బృహస్పతి చుట్టూ తిరిగే మంచు చందమామ యూరోపాను చూడటానికి నాసా పంపిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో బృహస్పతి దగ్గరికి చేరుతుంది. అది నేరుగా జీవాన్ని వెతకదు, అక్కడ బతకడానికి వీలుందో లేదో చూస్తుందంతే. ఎప్పటికైనా ఆ మంచు కింద ఏదో కదిలిందని తెలిస్తే టీవీల్లో పండగే, నేను మాత్రం దాని కణంలో కేంద్రకం ఉందా అని అడుగుతా.