జెండా మళ్ళీ కట్టండి, ఫోటో సరిగా రాలేదు

చరిత్ర నుంచీ జాతీయ పర్వదినాల నుంచీ ఛాయాగ్రహణ కళకు ప్రేరణ ఎలా పొందాలో తెలియక ఎందరో కెమెరాలు మెడలో వేసుకుని బిక్కమొహాలతో తిరుగుతున్నారట. వారందరికీ మా అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం ఈ ఏటి ఆగస్టు 15న చూపిన దారిని వివరించడం నా పౌర ధర్మమని భావిస్తున్నాను. మేముండేది విజయవాడ. ఇది బెజవాడగా ఉన్న రోజుల్లో, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఇక్కడ జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల సందర్భంగానే పింగళి వెంకయ్య గారు తాము రూపొందించిన జెండాను గాంధీగారికి అందజేశారు. అంతటి చరిత్ర గల ఊళ్ళో జెండా ఊరికే ఎగిరితే చాలదనీ, తగిన వెలుతురులో, అధ్యక్షులవారి కుడి చెంప కనపడే కోణంలో ఎగరాలనీ కనిపెట్టడానికి మాకు వందేళ్ళ పైచిలుకు పట్టింది.

ఎనిమిదిన్నరకు జరగవలసిన కార్యక్రమం తొమ్మిదింపావు దాకా మొదలు కాలేదు. జెండా సిద్ధంగా ఉంది, అధ్యక్షులవారు మడత నలగని ఖద్దరు లాల్చీలో సిద్ధంగా ఉన్నారు, బూందీ లడ్డూలు సిద్ధంగా ఉన్నాయి. ఫోటోగ్రాఫరు మాత్రం మరో రెండు అపార్ట్‌మెంట్లకు స్వాతంత్ర్యం ఇప్పించి రావలసి ఉంది. ఎట్టకేలకు వచ్చి, జెండా దిమ్మె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, సూర్యుడు తప్పు దిక్కున ఉన్నాడని తేల్చాడు. జెండా మాత్రం అతనికి నచ్చింది, పాలియెస్టరుది కాబట్టి మెరుస్తుందట. 2021 డిసెంబరు 30న ఫ్లాగ్ కోడ్‌ను సవరించి, మర మీద తయారైన పాలియెస్టరు జెండాలకు అనుమతినిచ్చినప్పుడు ప్రభుత్వం వారి మనసులో ఏముందో గానీ, ఫోటోగ్రాఫర్ల వర్గానికి అది రెండో స్వాతంత్ర్యం.

మొదటిసారి అధ్యక్షులవారు తాడు లాగారు. జారుముడి చక్కగా విడింది, జెండా విచ్చుకుంది, లోపలి బంతిపూల రేకలు జలజల రాలాయి, మేము చప్పట్లు కొట్టాము. అంతా అయిపోయిందనుకున్న ఆ క్షణంలో ఫోటోగ్రాఫరు చెయ్యెత్తి, "సార్ కళ్ళు మూసేశారండీ. జెండా మళ్ళీ కట్టండి" అన్నాడు. దేశం మీద ప్రేమ ఉన్నవాడెవడైనా ఏం చేస్తాడు? మళ్ళీ కట్టాడు. దించిన జెండాను దిమ్మె గచ్చు మీద పరిచి మడతలు పెట్టారు. జెండా నేలకు తగలరాదని ఫ్లాగ్ కోడ్‌లో ఉందని నేను గొణిగాను గానీ, గచ్చు నేల కాదనీ, పైన గ్రానైటు పరిచామనీ కార్యదర్శి గారు సెలవిచ్చారు. ఇక పూలరేకలు. జెండాలో ఏ వస్తువూ మూటగట్టరాదు, కానీ జాతీయ దినాల్లో ఆవిష్కరణకు ముందు పూలరేకలు ఉంచవచ్చు అన్నది నిబంధన. కొత్త పూలు లేవు కనుక రాలినవాటినే చీపురుతో కూడదీసి, చేటలోకెత్తి, మళ్ళీ జెండాలో పోశారు. రెండోసారి తాడు లాగినప్పుడు అధ్యక్షులవారి శిరస్సు మీద బంతిరేకలతో పాటు ఒక ఐస్‌క్రీం పుల్లా, ఆర్పేసిన బీడీ ముక్కా పడ్డాయి. కళ్ళు మాత్రం ఆయన తెరిచే ఉంచారు. ఆ నిగ్రహాన్ని మెచ్చుకోవాలి.

అయినా రెండోసారీ కుదరలేదు, ఎందుకంటే జెండా మరీ తొందరగా పైకి వెళ్ళిందట. స్లో మోషన్‌లో బాగుండాలంటే మనిషి కూడా స్లోగా లాగాలట. జెండాను చురుగ్గా ఎగురవేయాలి, నెమ్మదిగా, గౌరవంగా దించాలి అన్నది ఆ కోడ్‌లో నాకు బాగా నచ్చిన వాక్యం. మావాళ్ళు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు, కాకపోతే తలకిందులుగా: మూడోసారి జెండాను ముహూర్తం చూసుకుని వెళ్ళే పెళ్ళికూతురిలా పైకి పంపారు, అంతకుముందు రెండుసార్లూ మాత్రం వాన చినుకు పడితే దండెం మీద బట్టలు లాగినట్టు దించారు.

ఈ విరామాల్లో చరిత్ర వైపు నుంచి ప్రేరణ అందించే బాధ్యత పిల్లల మీద పడింది. ఇద్దరు అల్లూరి సీతారామరాజులు ఒకే ప్లాస్టిక్ విల్లు కోసం కొట్టుకుంటుంటే, 1924 మే 7న కొయ్యూరు దగ్గర చెట్టుకు కట్టేసి కాల్చి చంపిన మనిషి వేషంలో ఉన్న ఆరేళ్ళవాణ్ణి "నవ్వు నాన్నా, పళ్ళు కనపడాలి" అని ఫోటోగ్రాఫరు బతిమాలాడు. మూడో అంతస్తు కుర్రవాడు టంగుటూరి ప్రకాశం పంతులు. 1928లో మద్రాసులో, సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు, కాల్పుల్లో పడిపోయిన మనిషి దగ్గరకు పోనివ్వని తుపాకులకు ఎదురుగా ఆయన చొక్కా తెరిచి నిలబడ్డారు కదా, ఆ దృశ్యం కావాలన్నారు. ఒకటి, రెండు, మూడు అనగానే కుర్రవాడు ప్రెస్ బటన్లు టపటప ఊడదీశాడు. వాళ్ళమ్మ పరుగున వచ్చి మూసేసింది, లోపలి బనీను మాసిందట.

నాకు ఫోటోల మీద పగ ఏమీ లేదు. ఎర్రకోట మీద నెహ్రూ తొలిసారి జెండా ఎగురవేసిన దృశ్యం నా కళ్ళ ముందుందంటే అది ఫోటోల పుణ్యమే. ఆ ఎగురవేసింది మనం అనుకునే 15న కాదు, 1947 ఆగస్టు 16న. ఆ రోజు అక్కడ కెమెరా పట్టుకుని ఉన్నవాళ్ళలో మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా ఒకరు. చీర కట్టుకుని, బండెడు బరువున్న కెమెరా భుజాన వేసుకుని తిరిగిన ఆవిడ "నెహ్రూ గారూ, కళ్ళు మూశారు, ఇంకోసారి లాగండి" అన్నట్టు నేనెక్కడా చదవలేదు. జరిగేదాని కోసం కెమెరా కాచుకుని ఉండేది. ఇప్పుడు జరగవలసినదే కెమెరా కోసం కాచుకుని కూర్చుంటోంది. కొత్తగా వచ్చినవాళ్ళ పద్ధతులు సహించలేక 1970లో ఆవిడ వృత్తినే వదిలేశారు. మంచి పని చేశారు, లేకపోతే మా అపార్ట్‌మెంటు చూడవలసి వచ్చేది.

మూడోసారి జెండా పైకి చేరాక జనగణమన. "ఎవరూ పాడొద్దండీ, స్పీకర్లో వస్తుంది, పెదాలు కదపండి చాలు" అన్నాడు ఫోటోగ్రాఫరు. కదిపాము. నేను కూడా పొట్ట లోపలికి బిగబట్టి, లెన్సు ఎటు ఉందో ఓరకంట చూసుకుంటూ కదిపాను. స్తంభం పక్కన మా వాచ్‌మన్ ఉన్నాడు. మిలటరీ మాధవరం పక్క ఊరు, ఇరవై రెండేళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా దిగిపోయాడు. ఆ మూడుసార్లూ ముడి వేసినవాడూ, కప్పీలో ఇరుక్కున్న తాడు సరిచేసినవాడూ, గచ్చు మీద నుంచి జెండాను ముందుగా చేతుల్లోకి తీసుకున్నవాడూ అతనే. పాట మొదలు కాగానే మడమలు కలిపి, పిడికిళ్ళు తొడలకు ఆనించి, నిటారుగా నిలబడ్డాడు.

"బాబాయ్, పక్కకి జరుగు, ఫ్రేములో పడుతున్నావ్" అన్నాడు ఫోటోగ్రాఫరు.

కదల్లేదు.

"ఏమయ్యా, నీక్కాదూ చెప్పేది? వినపడదా?" అంటూ, జాతీయగీతం నడుస్తుండగా, వరుసలోంచి చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్ళి కార్యదర్శి గారు అతని భుజం పట్టుకుని లాగారు. అప్పుడూ కదల్లేదు. వినపడకేం, వినపడుతోంది కనుకనే కదల్లేదు! జాతీయగీతం యాభై రెండు సెకన్లు. ఆ కాసేపు కదలకుండా ఉండడం చేతకాని సన్నాసులందరూ కలిసి, అది ఒక్కటే చేతనైన మనిషిని అడ్డం లెమ్మన్నారు. సిగ్గులేని మొహాలు. అందులో నాదీ ఒకటి. లెన్సు వైపే తిరిగి ఉంది, "వదిలెయ్యండి" అన్న ఒక్క మాట నోట్లోంచి రాలేదు, పెదాలు మాత్రం శ్రుతి తప్పకుండా కదులుతున్నాయి. పాట ముగిశాక అతను మడమలు సడలించి, ఎవరినీ ఏమీ అనకుండా గేటు దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు. లడ్డూ పొట్లం మా అబ్బాయి తీసుకెళ్ళి ఇస్తే, డ్యూటీ దిగాక తింటానన్నాడు.

సాయంత్రానికి ఫోటో వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఫ్రేములో పడ్డ బాబాయిని ఏదో యాప్‌తో శుభ్రంగా తుడిచేశారు. కాకపోతే అతను స్తంభానికి ఆనుకునే నిలబడ్డాడు కనుక, అతనితో పాటు తాడూ, స్తంభం కింది సగమూ కూడా చెరిగిపోయాయి. గ్రానైటు దిమ్మె మీద ఏమీ లేదు. నాలుగడుగుల ఎత్తున, దేనికీ ఆనకుండా, స్తంభం పై సగమూ దాని మీద జెండా గాలిలో నిలబడి ఉన్నాయి. దిమ్మెకు ఇవతల అధ్యక్షులవారు కళ్ళు పెద్దవి చేసుకుని నవ్వుతున్నారు. ఇప్పటికి ఎనభై నాలుగు గుండె గుర్తులు వచ్చాయి. జెండా గాల్లో తేలుతున్నట్టు భలే పట్టాడనీ, రిపబ్లిక్ డేకి కూడా ఈ కుర్రాణ్ణే పిలుద్దామనీ కార్యదర్శి గారు రాశారు.