సవరణ: ఆ చట్టం నర్సులకూ వర్తిస్తుంది

బెంగళూరులో పనిచేసే తెలుగు నర్సుల కోసం పెట్టిన గత పోస్టులో, వైద్య సిబ్బందిపై దాడులను నిషేధించే 2009 నాటి కర్ణాటక చట్టం డాక్టర్లకే అన్నట్టు ఉంది. అది సరికాదు. నర్సులు, నర్సింగ్ విద్యార్థులు, పారామెడికల్ సిబ్బంది కూడా దాని కిందికి వస్తారు. నేరం నాన్-బెయిలబుల్.

ఊరు కాని ఊరు, కన్నడ అంతంతమాత్రం. దెబ్బ తిన్న అమ్మాయి ఒంటరిగా స్టేషన్ మెట్లెక్కాలంటే ఎంత టెన్షన్! ఆ భారం ఆమెపై వేయడం అన్యాయం. డ్యూటీలో దాడి జరిగితే 6 గంటల్లోపు ఎఫ్‌ఐఆర్ పెట్టించే బాధ్యత సంస్థ అధిపతిదేనని 2024 ఆగస్టులో కేంద్రం తన ఆసుపత్రులను ఆదేశించింది. ప్రైవేటులో ఉన్నవాళ్లు ఇదే పద్ధతి కోసం మేనేజ్‌మెంట్‌ను గట్టిగా అడగండి, రాతపూర్వకంగా.