కెన్ మైల్స్ గెలుపు లాక్కున్నది ఫ్రెంచ్ వాళ్ళు కాదు బాబూ

ఫ్రాన్స్‌లో ఏటా జరిగే లే మాన్ కార్ల రేసు, అందులో ఫోర్డ్ కారు నడిపిన కెన్ మైల్స్ గురించి ఈ ఫార్వర్డ్ మళ్ళీ తిరుగుతోంది: "1966 లే మాన్ 24 గంటల రేసులో ఫోర్డ్ మొదటిసారి దిగి, పక్కా అమెరికన్ కారుతో ఫెరారీని చిత్తు చేసింది, గెలిచిన కెన్ మైల్స్‌ని మాత్రం ఫ్రెంచ్ ఆఫీసర్లు అప్పటికప్పుడు రూల్ పుట్టించి రెండో ప్లేసుకి తోసేశారు, ఆ దెబ్బకి ఫెరారీ పని ఖతం."

మొదటిసారేంటి? 1964లో మూడు ఫోర్డ్ జీటీలు దిగితే మూడూ మధ్యలోనే ఆగిపోయాయి, 65లోనూ అదే గతి, రెండేళ్ళూ గెలిచింది ఫెరారీయే.

పక్కా అమెరికన్ అనేది సగం నిజం. 7 లీటర్ల ఇంజన్ అమెరికాదే, తర్వాత అమెరికన్ కారోల్ షెల్బీ రేసింగ్ టీమ్ పడ్డ కష్టమూ నిజమే, కానీ కారు పుట్టింది ఇంగ్లండ్‌లో, ఎరిక్ బ్రాడ్లీ చేసిన లోలా కారు మీంచి. అంతెందుకు, మైల్సే ఇంగ్లండ్ వాడు.

ఇక అసలు గొడవ. చివర్లో ఫోర్డ్ కార్లు మూడూ ఒకటీ రెండూ మూడు స్థానాల్లో ఉన్నాయి, ఫొటో అదిరిపోవాలని అన్నీ కలిసి గీత దాటాలన్నది ఫోర్డ్ పెద్దల ప్లాన్, అందుకే ముందున్న మైల్స్‌ని స్లో అవ్వమన్నారు. ఇక్కడ స్టార్ట్ ఎలా ఉండేదో తెలియాలి: కార్లన్నీ పిట్స్ (రేసు మధ్యలో కార్లు ఆగి పెట్రోలు, టైర్లు వేయించుకునే చోటు) గోడ పక్కన ఏటవాలుగా వరసగా నిలబెట్టేవాళ్ళు, ప్రాక్టీస్‌లో స్పీడుగా తిరిగింది ముందు, మిగతావి వెనకాల, డ్రైవర్లు రోడ్డుకి అవతల నుంచి పరిగెత్తుకొచ్చి ఎక్కేవాళ్ళు. బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్ నడిపిన ఇంకో ఫోర్డ్ కారు మైల్స్ కారుకి వెనక నిలబడింది. 24 గంటల్లో ఎక్కువ దూరం వెళ్ళినవాడే విన్నర్ కాబట్టి, ఇద్దరూ ఒకేసారి గీత దగ్గరికొస్తే వెనక నుంచి మొదలైనవాడు ఓ 8 మీటర్లు ఎక్కువ వెళ్ళినట్టే కదా! టై కుదరదని రేసు అవ్వకముందే ఫోర్డ్‌కి కబురొచ్చింది, అయినా ప్లాన్ మార్చలేదు. పైగా ఆ ఫొటోల్లో మెక్‌లారెన్ కారే కాస్త ముందు కనిపిస్తుంది.

మైల్స్‌కి అన్యాయం జరగలేదని నేనట్లేదు. అదే ఏడాది అమెరికాలో జరిగే పెద్ద లాంగ్ రేసులు డేటోనా, సెబ్రింగ్ రెండూ గెలిచాడు, ఇదీ గెలిస్తే మూడూ అతనివే, రెండు నెలలకే టెస్టింగ్‌లో పోయాడు పాపం. కాకపోతే తిట్టాల్సింది సొంత కంపెనీ బాసులని.

ఫెరారీ ఖతమా? 1967 ఫిబ్రవరిలో డేటోనాలో, అదీ అమెరికా గడ్డ మీద, మూడు ఫెరారీలు పక్కపక్కనే గీత దాటి అదే ఫొటో దిగాయి 😄 లే మాన్‌లో మాత్రం చాలా ఏళ్ళు మళ్ళీ గెలవలేదు, 1973 తర్వాత టాప్ క్లాస్ వదిలేసి ఎఫ్‌1 చూసుకుంది. 2023లో తిరిగొచ్చి గెలిచింది, 24, 25 కూడా ఫెరారీ కార్లవే.