పది లైన్ల ఈవెంట్ క్లాసుకు పూచీ ఎవరిది?

“పది లైన్లే కదా అన్నా, దీని మీద ఇంత చర్చ అవసరమా?” అని కిందటి వారం కోడ్ రివ్యూలో మా టీములోని ఒక తమ్ముడు అడిగాడు. అతని లెక్క తప్పేమీ కాదు. పైథాన్‌లో సొంతంగా ఒక ఈవెంట్, అంటే ఏదైనా జరిగినప్పుడు వినదలచినవారికి కబురు చేరవేసే ఏర్పాటు, రాసుకోవాలంటే ఒక లిస్టు, అందులోకి ఫంక్షన్లను చేర్చే ఒక మెథడ్, వాటిని వరుసగా పిలిచే ఒక ఫర్ లూపు ఉంటే సరిపోతుంది. ఫంక్షన్ కూడా ఆబ్జెక్టే కాబట్టి దాన్ని లిస్టులో దాచుకోవచ్చు, ఇంకొకరి చేతికి ఇవ్వవచ్చు, తీరిగ్గా ఎప్పుడో పిలవవచ్చు. సీ షార్ప్‌లో ఈవెంట్ కోసం భాషలోనే ఒక కీవర్డ్ పెట్టారు. పైథాన్, రూబీ, జావాస్క్రిప్ట్ వంటి భాషలకు ఆ అవసరం రాలేదు. ఈ భాషలంటే నాకు ఇంత ఇష్టం ఏర్పడడానికి ఆ వెసులుబాటే కారణం. అయితే భాష పట్టించుకోకుండా వదిలేసినదంతా రాసేవాడి నెత్తినే పడుతుంది. ఆ సంగతి నాకు నిరుడు జూన్‌లో తెలిసివచ్చింది కాబట్టే ఆ పది లైన్ల దగ్గర నేను అంతసేపు ఆగాను.

జూన్ 14తో వేట నిషేధం ముగిసి, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు మళ్లీ కదిలిన వారం అది. నగరంలోని ఒక కోల్డ్ స్టోరేజికి మేము రుషికొండలోని మా ఆఫీసులో కూర్చుని ఒక చిన్న ప్రోగ్రాము రాసి ఇచ్చాము. గది ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల కంటే పైకి వస్తే ఒక ఈవెంట్ వెలువడాలి. దానికి మూడు లిజనర్లు, అంటే ఆ కబురు అందగానే నడిచే ఫంక్షన్లు, ఉన్నాయి. మొదటిది తెర మీద ఆ గది పెట్టెను ఎర్రగా మారుస్తుంది, రెండోది ఆ రీడింగును ఒక ఫైలులో రాస్తుంది, మూడోది రాత్రి డ్యూటీలో ఉన్న సూపర్‌వైజరు గారి ఫోనుకు మెసేజీ పంపుతుంది. ఒక తెల్లవారుజామున ఆయన నాకు ఫోను చేసి, “తెర మీద ఎర్రగా కనబడతంది బాబూ, నా ఫోను మాత్రం మోగలేదు, ఏటైంది?” అని అడిగారు. అప్పటికి ఆ గది మైనస్ 11కు వచ్చేసింది. ఆయన తన అలవాటు ప్రకారం ఒకసారి గదులన్నీ చూసి రావడం వల్ల, సరుకును వెంటనే పక్క గదికి మార్చించడం వల్ల నష్టం తప్పిందే గాని, మా ప్రోగ్రాము వల్ల కాదు.

జరిగిందేమిటంటే, డిస్కు నిండిపోయింది. రెండో లిజనర్ ఫైలులో రాయబోయి ఎక్సెప్షన్ (పని కుదరలేదని తెలిపే ఎర్రరు) విసిరింది. ఆ ఎక్సెప్షన్ మా ఫర్ లూపును అక్కడికక్కడే తెంచేసి బయటికి వెళ్లింది. బయట సెన్సారును చదివే లూపులో, ఒక రీడింగు చెడితే తరవాతి రీడింగుకు పోవాలన్న ఉద్దేశంతో మేమే పెట్టిన, ఏ ఎక్సెప్షన్‌నైనా పట్టేసే విశాలమైన ఎక్సెప్ట్ దాన్ని చప్పుడు లేకుండా మింగేసింది. నిమిషానికొకసారి అదే తంతు: తెర ఎరుపెక్కడం, ఫైలు దగ్గర కూలడం, మెసేజీ వంతు రాకపోవడం. తనకు ఏ సంబంధమూ లేని ఒక ఫైలు కారణంగా ఒక హెచ్చరిక ఆగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఈవెంట్ పెట్టుకున్నదే, వింటున్నవాళ్లకు ఒకరితో ఒకరికి సంబంధం ఉండకూడదని కదా.

ఒక లిజనర్ కూలితే మిగతావాటి సంగతేమిటన్న ఈ ఒక్క ప్రశ్నకే ఒక్కొక్క చోట ఒక్కొక్క జవాబు ఉండడం గమనించాలి. బ్రౌజరులో మనం సొంతంగా ఒక కస్టమ్ ఈవెంట్‌ను డిస్పాచ్ చేసినప్పుడు ఒక లిజనర్ కూలిపోతే, బ్రౌజరు ఆ ఎర్రరును కన్సోల్‌లో చూపించి మిగతా లిజనర్లను యథావిధిగా పిలుస్తుంది. అదే జావాస్క్రిప్ట్, బ్రౌజరు బయట దాన్ని నడిపే నోడ్‌లోని ఈవెంట్ ఎమిటర్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఎక్సెప్షన్ ఎమిట్ చేసినవాడి మీదికే వస్తుంది, వరుసలో వెనక ఉన్నవాళ్లకు కబురే అందదు. కీవర్డ్ ఉన్న సీ షార్ప్‌లోనూ ఒక హ్యాండ్లర్ కూలితే తరవాతివి ఆగిపోతాయి కాబట్టి, దీన్ని పైథాన్ వంటి డైనమిక్ భాషల లోపమని తోసిపుచ్చడానికి వీల్లేదు. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగో సిగ్నల్స్‌లో మామూలు సెండ్‌తో పాటు సెండ్ రోబస్ట్ అని మరొకటి ఉంది. అది ప్రతి రిసీవరునూ పిలిచి, కూలినవాటి ఎర్రర్లను ఫలితాలతో పాటు తిరిగి ఇస్తుంది. అంటే ఆ ఫ్రేమ్‌వర్క్ రాసినవాళ్లు ఈ ప్రశ్న వేసుకున్నారు, జవాబును ఎంచుకునే వీలు మనకు ఇచ్చారు. పది లైన్లు రాసి చేతులు దులుపుకున్న మేము ఆ ప్రశ్నే వేసుకోలేదు.

ఇప్పుడు మా క్లాసు అందరినీ పిలుస్తుంది, వచ్చిన ఎక్సెప్షన్లన్నీ పోగుచేసుకుంటుంది, చివర ఒకేసారి బయటికి వేస్తుంది. 2022లో వచ్చిన పైథాన్ 3.11 నుంచి ఎక్సెప్షన్ గ్రూప్ (అనేక ఎక్సెప్షన్లను ఒకే మూటగా పంపే వీలు) భాషలోనే ఉండడం దీనికి చక్కగా కలిసివచ్చింది. ఎర్రర్లను లాగులో రాసి ఊరుకుంటే చాలదా అని మాలో కొందరు ఇంకా వాదిస్తున్నారు. డిస్కు నిండిన రాత్రి ఆ లాగు మాత్రం ఎక్కడికి పోతుందని నేను వాళ్లను అడుగుతున్నాను.

ఇక నేను అసలు ఒప్పుకోని పద్ధతి, ఈవెంట్ పేరును స్ట్రింగుగా రాయడం. వెలువరించే చోట ‘టెంప్ హై’ అని, వినే చోట ‘టెంపు హై’ అని ఒక్క అక్షరం తేడాగా రాసినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఏమీ జరగదు; ఏమీ జరగకపోవడాన్ని డీబగ్ చేయడం కంటే కష్టమైన పని మా వృత్తిలో మరొకటి లేదు. అందుకే ప్రతి ఈవెంటూ ఒక ఆబ్జెక్టుగా, దాన్ని వెలువరించే క్లాసులో ఒక అట్రిబ్యూటుగా ఉండాలన్నది నా పట్టుదల. అప్పుడు పేరు తప్పు రాసిన మరుక్షణం అట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది, ఎడిటరు కూడా పేరును తానే పూరించి పెడుతుంది. అలాగని సీ షార్ప్‌ను చూసి ప్లస్ ఈక్వల్స్ గుర్తుతో లిజనర్లను చేర్చే ముచ్చటకు పోవద్దు. పైథాన్‌లో ఆ గుర్తు వెనక ఉన్న మెథడ్ ఏది తిరిగి ఇస్తే అదే ఆ అట్రిబ్యూటులో కూర్చుంటుంది. సెల్ఫ్‌ను, అంటే ఆ ఈవెంట్‌నే, తిరిగి ఇవ్వడం మరచిపోతే మీ ఈవెంట్ ఉన్న చోట None, అంటే ‘ఏమీ లేదు’ అన్న విలువ, మిగులుతుంది.

లిస్టును ఇనిట్‌లో (ఆబ్జెక్టు తయారవగానే నడిచే మెథడ్‌లో) కాకుండా క్లాసు ఒంట్లో రాయడం వల్ల అన్ని గదుల లిజనర్లూ ఒకే లిస్టులో కలిసిపోవడం, లూపు నడుస్తుండగా ఒక లిజనర్ తనను తాను తీసేసుకుంటే దాని తరవాతిది దాటిపోవడం చాలామందికి తెలిసిన పొరపాట్లే. మొదటిదానికి ప్రతి ఆబ్జెక్టుకూ వేరే లిస్టు, రెండోదానికి లిస్టు నకలు మీద తిరగడం మందు.

ఎవరు ఎవరిని పట్టుకుని ఉన్నారన్న సంగతి అంత సులువుగా తేలదు. తెర మీది ఒక కిటికీ (విండో) తాలూకు మెథడ్‌ను లిజనర్‌గా ఇస్తే, ఆ మెథడ్ కిటికీని పట్టుకుంటుంది, ఈవెంట్ ఆ మెథడ్‌ను పట్టుకుంటుంది; వాడుకరి కిటికీ మూసేసినా ఆ ఆబ్జెక్టు మెమరీలో అలాగే ఉండిపోతుంది. ఇది మన తరంతో మొదలైన సమస్య కాదు. స్మాల్‌టాక్-80 అనే పాత భాషలో ఏ ఆబ్జెక్టుకైనా డిపెండెంట్లు (అది మారితే కబురు అందుకునేవి) ఉండవచ్చు, వాటిని ఒక గ్లోబల్ డిక్షనరీలో దాచేవారు. ఎవరైనా పనిగట్టుకుని తీసేస్తే తప్ప అవి అందులోంచి కదిలేవి కావు. దీనికి మా తమ్ముడు వీక్ రిఫరెన్సు (ఆబ్జెక్టును చూపిస్తూనే దాన్ని మెమరీలో నిలిపి ఉంచని పట్టు) మంచి ఉపాయమనుకున్నాడు, పెట్టి చూశాడు, ఆ పూట నుంచి ఒక్క లిజనరూ పలకలేదు. కారణం ఏమిటంటే, పైథాన్‌లో ఆబ్జెక్టు నుంచి మెథడ్‌ను అడిగిన ప్రతిసారీ ఆ ఆబ్జెక్టుతో ముడిపడిన ఒక కొత్త బౌండ్ మెథడ్ తయారవుతుంది. దాన్ని గట్టిగా పట్టుకున్నవారు ఎవరూ లేకపోతే పుట్టిన చోటే పోతుంది, వీక్ రిఫరెన్సు చేతిలో ఖాళీ మిగులుతుంది. 2014లో పైథాన్ 3.4తో వీక్ మెథడ్ వచ్చింది ఇందుకే. అయినా నేను దాన్ని కూడా వద్దన్నాను. లిజనర్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో కోడులో కంటికి కనిపించాలి. కనెక్ట్ చేసినవారికి మా క్లాసు ఒక రసీదు లాంటి ఆబ్జెక్టును ఇస్తుంది. కిటికీ మూసేటప్పుడు ఆ రసీదును మూసేయాలి, కొద్దిసేపటి పనికైతే, పని ముగియగానే దాన్ని తానే మూసే విత్ బ్లాకులో పెట్టుకోవాలి. వీక్ రిఫరెన్సులు ఆ బాధ్యతను మననుంచి తప్పించినట్టే కనిపించి, దాన్ని గార్బేజ్ కలెక్షన్ (ఎవరూ పట్టుకోని ఆబ్జెక్టులను మెమరీలోంచి తీసేసే ఏర్పాటు) చేతిలో పెడతాయి.

ఆ తమ్ముడు రాసిన పది లైన్లు ఇప్పుడు అరవై దాటాయి, అందులో సగం అతను రాసినవే. వాటికి మేము రాసుకున్న మొదటి టెస్టు, మూడు లిజనర్లలో నడిమిదాన్ని కావాలని కూల్చి, మూడోది పలికిందా లేదా అని చూస్తుంది. మొన్న శనివారం ఇద్దరం ఆ కోల్డ్ స్టోరేజికే వెళ్లి, డిస్కును పనికిరాని ఫైళ్లతో నింపి, ఒక సెన్సారును గదిలోంచి బయటికి తీసి పట్టుకున్నాము. తెర ఎరుపెక్కింది, కన్సోల్‌లో ఫైలు ఎర్రరు పడింది, సూపర్‌వైజరు గారి చొక్కా జేబులో ఫోను మోగింది.