ఎవరి పేపరు ఇది?

నల్లగొండ గడియారం సెంటర్‌లో పొద్దున్నే ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒక మాట వినిపిస్తుంది. పేపరు చేతికందగానే, హెడ్డింగు కూడా చదవకముందే, "గిది ఎవల పేపరే?" అని పక్కనున్నాయన్ని అడుగుతారు. ఫలానా పార్టీదని తేలాక కొందరు చదువుతారు, కొందరు మడిచి బల్ల మీద పడేస్తారు. ఇంటికెళ్లి టీవీ పెట్టినా ఇదే లెక్క. పాఠకుణ్ణి తప్పు పట్టడానికి లేదు. ఈ అలవాటు చేసింది పత్రికలు, చానళ్లు నడిపే మేమే.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం నుంచి నల్లగొండకు కృష్ణా నీళ్లు తెచ్చేందుకు తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలింది. దాదాపు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిది మంది చిక్కుకున్నారు. సైన్యం, నౌకాదళం, ఎన్డీఆర్‌ఎఫ్, సింగరేణి బృందాలు దిగాయని సర్కారు ప్రకటనలు రోజూ చెప్పాయి. అది నిజమే. పార్టీల వెనక నడిచే మీడియాలో మాత్రం ఒకచోట తప్పంతా పాత ప్రభుత్వానిది, మరోచోట కొత్త ప్రభుత్వానిది. మార్చి 9న ఒకరి మృతదేహం, 25న ఇంకొకరిది దొరికాయి. మిగతా ఆరుగురు దొరకకుండానే గాలింపు ఆగింది. జార్ఖండ్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి పనికొచ్చినవాళ్ల ఇళ్లల్లో ఏమైందో, లోపల ఊట నీళ్ల సంగతి ముందే ఎవరికి తెలుసో, ఈ నీళ్ల కోసం ఇరవై ఏళ్లుగా చూస్తున్న నల్లగొండ రైతుకు ఇప్పుడేం చెప్తారో గట్టిగా వెంటపడి అడిగిన వార్తలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ప్రభుత్వ మీడియా సంగతి వేరు. ఆకాశవాణిని, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, అమల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది. పేరుకు స్వతంత్ర సంస్థ, ఖర్చుకు మాత్రం ఎక్కువగా కేంద్రం ఇచ్చే గ్రాంటే దిక్కు. రైతుల కార్యక్రమాల్లో, వాన కబుర్లలో ఆకాశవాణి మాటను ఊళ్లల్లో ఇప్పటికీ నమ్ముతారు, నమ్మాలి కూడా. వార్తల్లోనూ అది సాధారణంగా అబద్ధమాడదు. మంత్రి శంకుస్థాపన చేశాడని చెప్తుంది, పాత శిలాఫలకం పక్కనే పిచ్చిమొక్కల్లో ఉందని చెప్పదు. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు, వార్తలు కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌నే వినిపించాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పిన దేశంలో ఇదెక్కడి న్యాయం? ప్రసార భారతికి ఇచ్చే డబ్బును ఏటా సర్కారు దయకు వదలకుండా ఐదేళ్లకోసారి పార్లమెంటే తేల్చాలన్నది మా మాట.

అలాగని ప్రైవేటుదైతే చాలు స్వతంత్రమైనట్టేనా? ఈ నేల మీద స్వతంత్ర పత్రిక అంటే ఏమిటో మాకు తెలుసు. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది. 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక పెట్టారు. ఆయన పత్రికకు పక్షం లేదా? ఉంది. తెలుగు మాట పక్షం, చదువు పక్షం. అది దాచుకోలేదు. నిజాం సర్కారు నిఘాలోనే పత్రిక నడిపారు. ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ తాను నమ్మింది రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణమే ఇచ్చాడు. పక్షం ఉండటం వేరు, పక్షాన్ని వార్తలో కలిపి అమ్మడం వేరు.

ఆ అమ్మకం ఎక్కడ మొదలవుతుందో బయటివాళ్లకు సరిగా తెలియదు. హైదరాబాద్ ఆఫీసుల్లో కాదు, మండలంలో మొదలవుతుంది. మండల విలేకరికి జీతముండదు. అచ్చయిన వార్తకు కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ బైక్ పెట్రోలుకు సరిపోదు. పైగా ఆగస్టు 15కు, దసరాకు, పత్రిక వార్షికోత్సవానికి యాడ్స్ టార్గెట్. అది నిండాలంటే పోవాల్సింది సర్పంచ్ దగ్గరికి, కాంట్రాక్టర్ దగ్గరికి, రైస్‌మిల్లు యజమాని దగ్గరికి. పది రోజుల ముందు యాడ్ డబ్బులు చేతిలో పెట్టిన మనిషి ఇసుక ట్రాక్టర్లు రాత్రి వాగులోకి దిగితే ఆ విలేకరి ఫొటో తీస్తాడా? తీసి పంపినా డెస్కులో వేస్తారా? "సార్, ఆయన మనకు హాఫ్ పేజీ ఇచ్చిండు" అని ఫోనులో నసుగుతుంటే అవతల డెస్కువాళ్లు ఏం చెప్పాలో తెలియక ఊరుకోవడం మాకు కొత్త కాదు. మా పత్రికలోనూ జరిగింది. ఫుల్ పేజీ సర్కారు ప్రకటన వచ్చిన రోజున మొదటి పేజీలో ఘాటైన వార్త లోపలి పేజీకి జారడమూ మా కళ్ల ముందే జరిగింది. జిల్లాలో జరిగేది పట్టే కళ్లు మండల విలేకరివే. వాటికి గంతలు కట్టి, పైన కూర్చుని విశ్వసనీయత గురించి రాస్తే ఎవరు నమ్ముతారు?

అందుకే ఈ ఆగస్టు 15 నుంచి మా మండల విలేకరులెవరికీ యాడ్స్ టార్గెట్ ఉండదు. యాడ్లు తెచ్చేవాళ్లు వేరు, వార్తలు రాసేవాళ్లు వేరు. మా యాజమాన్యంలో వాటాలు ఎవరివో, సర్కారు ప్రకటనల కింద మాకు ఎంత వచ్చిందో ఏడాదికోసారి ఇదే పేజీలో అచ్చు వేస్తాం. తప్పు రాస్తే, ఆ తప్పు ఏ పేజీలో ఎంత జాగాలో వచ్చిందో, సవరణా అదే పేజీలో అంతే జాగాలో వస్తుంది. మొదటి లెక్క వచ్చే ఉగాది సంచికలో ఉంటుంది.