కాగితపు విమానం

విమానం గాలిలో నిలవడానికి కారణం రెక్క పైభాగపు వంపా, లేక ఆ రెక్క గాలిని కిందికి నెట్టే కోణమా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. పాత చిన్న విమానం ఒకదానిని కొన్నేళ్ళుగా పోషిస్తున్నవాడిగా ఈ తగవు తీర్చవలసిన బాధ్యత నా మీద ఉన్నదని భావిస్తున్నాను. విమానాన్ని గాలిలో నిలిపేది కాగితం. రెక్కలు, ఇంజిను, ప్రొపెల్లరు ఆ కాగితం ఎగిరిపోకుండా పైన పెట్టిన బరువులు మాత్రమే.

ఇది తేలిగ్గా అంటున్న మాట కాదు. నాలుగు సీట్ల పాత విమానాన్ని ఖాళీగా తూచితే సుమారు 600 కిలోలు ఉంటుంది. దాని లాగ్‌బుక్కులన్నీ ఒక మనిషి చంకలో ఇముడుతాయి. అయినా ఈ రెండింటిలో ఏదో ఒకటి పోగొట్టుకోక తప్పదంటే, అనుభవజ్ఞుడైన యజమాని క్షణమైనా తటపటాయించకుండా విమానాన్నే పోగొట్టుకుంటాడు. విమానం పోతే బీమా సొమ్ము వచ్చే అవకాశమైనా ఉంటుంది. లాగ్‌బుక్కులు పోతే, ఎప్పుడు పుట్టిందో, ఎన్ని గంటలు ఎగిరిందో, ఏ భాగం ఎప్పుడు మార్చారో చెప్పలేని ఒక అనాథ రేకు డబ్బా హ్యాంగరులో మిగులుతుంది. దానికి అద్దె మాత్రం నెలనెలా కట్టాలి.

ఒకే కడ్డీలోంచి, ఒకే యంత్రం మీద, ఒకే పూట పుట్టిన రెండు బోల్టులను ఊహించుకోండి. ఒకదాని వెంట అది ఏ ప్రమాణం ప్రకారం, ఎవరి చేతుల మీదుగా తయారైందో చెప్పే ధ్రువపత్రం ఉంది. రెండోదాని వెంట ఏమీ లేదు. మొదటిది విమాన భాగం, రెండోది ఇనుప ముక్క. కవలల్లో ఒకడికే జనన ధ్రువపత్రం దొరికింది కనుక రెండోవాడు పుట్టనే లేదని తీర్పు చెప్పడం ఇలాగే ఉంటుంది. అయితే ఈ పట్టింపును పూర్తిగా ఎగతాళి చేసే ధైర్యం నాకు లేదు. 1989లో పార్ట్‌నెయిర్ సంస్థ విమానం ఒకటి నార్వే నుంచి జర్మనీకి వెళుతూ సముద్రంలో కూలి 55 మంది చనిపోయారు. దాని తోకను పట్టి ఉంచిన బోల్టులు నకిలీవని దర్యాప్తులో తేలింది. ఆ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా నేను ధ్రువపత్రాన్ని కళ్ళకద్దుకుని ఫైల్లో పెడతాను. మళ్ళీ ధర గుర్తుకొచ్చేవరకు ఆ భక్తి నిలుస్తుంది.

కొత్త యజమాని మొదట బోల్తా పడేది విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటర్ దగ్గర. సెస్నా కంపెనీ పాత విమానాల్లో చాలావాటికి ఫోర్డ్ కార్ల ఆల్టర్నేటరుకు తోబుట్టువు లాంటిదే అమర్చారు. పైపర్ కంపెనీ చెరొకీ విమానాల్లో క్రైస్లర్ కార్ల రకం కనిపిస్తుంది. కారుదాన్నీ విమానందాన్నీ పక్కపక్కన పెట్టి చూసిన అమాయకుడు, కార్ల సామాన్లు అమ్మే కొట్టుకు వెళితే పని అయిపోతుంది కదా అని అడుగుతాడు. ఆ ప్రశ్న విన్న మెకానిక్ జవాబు చెప్పడు. చేతిలోని స్పానరును నెమ్మదిగా కింద పెట్టి, గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటిగా తుడుచుకుంటాడు. భాగం విమానానికి పనికొస్తుందని ధ్రువీకరించడానికి అమెరికాలో ఫారం 8130-3, యూరప్‌లో అక్కడి విమాన భద్రతా సంస్థ ఈసా ఇచ్చే నమూనాలో ఫారం 1 అనే కాగితాలు ఉంటాయనీ, కారుకూ విమానానికీ ఉన్న తేడా ఆ కాగితాల మందమేననీ ఆ మౌనంలోనే మనకు బోధపడాలి.

మరి తయారు చేసినవారినే అడగవచ్చు కదా అని మీరు అనవచ్చు. ఇక్కడే న్యాయశాస్త్రం తన ఔన్నత్యాన్ని చాటుకుంది. వ్యాజ్యాల భారం మోయలేక సెస్నా సంస్థ 1986లో ఒంటి ఇంజిను పిస్టన్ విమానాల తయారీ ఆపేసింది. 1994లో అమెరికా ఒక చట్టం చేసి, చిన్న విమానానికి 18 ఏళ్ళు నిండాక దాని లోపాలకు తయారీదారుమీద సాధారణంగా దావా వేయరాదని తేల్చింది. అంటే విమానం మేజర్ అయింది, ఇక అది చేసే పనులకు కన్నవారు పూచీ కాదు. ఆ ధైర్యంతోనే 1996లో సెస్నా 172 అనే నమూనా తయారీ మళ్ళీ మొదలైంది. ఆ చట్టంలో మరో ముచ్చటైన ఏర్పాటు ఉంది. పాత విమానానికి కొత్త భాగం వేస్తే, ఆ ఒక్క భాగానికి 18 ఏళ్ళ లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. ఆ విధంగా నా విమానంలో యాభై దాటిన రెక్కలు, పదేళ్ళ కార్బురేటరు, పాలబుగ్గల వాక్యూమ్ పంపు ఉమ్మడి కుటుంబంగా కాపురం చేస్తున్నాయి.

ఇక దొరకని భాగాల కోసం కూలిపోయిన విమానాలను విప్పి అమ్మే గోదాములను ఆశ్రయించాలి. అక్కడి వర్ణనల భాషకు ప్రత్యేక నిఘంటువు అవసరం. ‘తీసినప్పుడు పనిచేస్తూ ఉండేది’ అని ఒక చీటీ మీద రాసి ఉంటుంది. పనిచేస్తున్నదానిని ఎందుకు తీశారు, ఆ సమయంలో మిగతా విమానం ఎక్కడుంది, ఎన్ని ముక్కలుగా ఉంది అన్న వివరాలు ఆ చీటీలో పట్టవు. ఓవర్‌హాల్ చేసిన, అంటే పూర్తిగా విప్పి బాగుచేసిన భాగం కావాలంటే మన పాతదాన్ని ముందుగా అప్పగించాలి, లేదా దాని పేరిట డిపాజిట్టు కట్టాలి. పాడైపోయిన పంపుకు ఇంత గౌరవం దక్కడం నేను మరెక్కడా చూడలేదు.

భాగం వచ్చేలోగా విమానం నేలమీద ఉంటుంది. ఇందులో ఉన్న చమత్కారం అర్థం కావడానికి చిన్న విమానాల్లో తరచూ కనిపించే లైకమింగ్ ఇంజిను లోపలి కట్టడం కొంత తెలియాలి. దాని కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్టు, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టుకు పైన ఉంటుంది. ఎగరకుండా ఊరికే నిలబెడితే దానిమీది నూనె మెల్లగా కిందికి జారిపోతుంది, ఆ పైన తేమ తన పని తాను చూసుకుంటుంది. కాబట్టి ఒక చిన్న భాగం కోసం నెలల తరబడి ఎదురుచూసిన యజమానికి, అది చేతికి అందే సమయానికి, అంతకంటే పెద్ద భాగం ఒకటి అవసరమై సిద్ధంగా ఉంటుంది. ప్రకృతి శూన్యాన్ని సహించదంటారు, ఖాళీగా ఉన్న బిల్లు పుస్తకాన్ని అంతకన్నా సహించదు.

ప్రభుత్వం మాత్రం దయలేనిది కాదు. ఎక్కడా దొరకని భాగాన్ని యజమాని తన విమానం కోసం తానే ఉత్పత్తి చేసుకోవచ్చునని అమెరికా నిబంధనలు అనుమతిస్తాయి. రేకు తానే కత్తిరించనక్కరలేదు. నమూనానో ముడిసరుకునో సమకూర్చి, లేదా తయారీని దగ్గరుండి పర్యవేక్షించి పాలు పంచుకుంటే చాలు, ఆ భాగం అసలు నమూనాకు సరితూగితే చాలు. గోడకు మేకు సరిగా దిగగొట్టలేని నేను ఈ నిబంధన పుణ్యమా అని ఒకానొక బ్రాకెట్టుకు ఉత్పత్తిదారునయ్యాను. అది నా విమానంలో ఉంటే చట్టబద్ధం. అమ్ముకుందామని అలాంటిదే మరొకటి చేయించి పక్క హ్యాంగరులోని సరిగ్గా అలాంటి విమానానికి బిగిస్తే, అదే అతిక్రమణ.

ఏటా ఒకసారి వార్షిక తనిఖీ వస్తుంది. పలకలన్నీ విప్పుతారు, ఒక్కో సిలిండరులోకి చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడితో గాలి పంపి ఎంత నిలుస్తుందో చూస్తారు, సీటు జరిగే పట్టాల్లోని రంధ్రాలను సైతం కొలుస్తారు. టేకాఫ్‌లో పైలట్ సీటు ఉన్నట్టుండి వెనక్కి జారిపోయే ప్రమాదం ఉందని సెస్నాల విషయంలో 1987లోనే ఆదేశం వచ్చింది. 1958 డిసెంబరులో రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు ఒక సెస్నా 172లో లాస్ వేగాస్ నుంచి పైకి లేచి, నేలమీద పరుగెత్తే ట్రక్కు నుంచి ఇంధనం అందుకుంటూ, 64 రోజుల 22 గంటల 19 నిమిషాలు కిందికి దిగలేదు. దీనిని సాహసమని చరిత్ర నమోదు చేసింది. యజమానిగా నాకు వారి ఆలోచన ఇట్టే అర్థమైంది: దిగితే మెకానిక్ చూస్తాడు.

మొన్నటి తనిఖీలో మా మెకానిక్, ఇంజిను లోపల ఏదైనా అరుగుతోందేమో చూడడానికి, నూనె ఫిల్టరు డబ్బాను కోసి, లోపలి మడతల కాగితాన్ని బయటికి లాగి, వైస్‌లో పిండి, బల్లమీద దీపం కింద ఉత్తరంలా పరిచాడు. నల్లటి నూనె మరకల మధ్య రెండు చిన్న లోహపు రవ్వలు తళుక్కుమన్నాయి. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఒకటి గెంతి అతుక్కుంది, రెండోది కదల్లేదు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, మా మధ్య చెలామణీలో ఉన్న అత్యంత ఖరీదైన వాక్యాన్ని మరోసారి పలికాడు.

“కన్నేసి ఉంచుదామండీ. పాతిక గంటలు ఎగిరాక మళ్ళీ కోసి చూద్దాం.”

ఆ రవ్వలు రెంటినీ చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, పైన తేదీ, ఇంజిను నడిచిన గంటలు రాసి, సంతకం చేసి, లాగ్‌బుక్కుకు జతపరిచాడు. నా విమానంలో ఏ లోటూ లేకుండా పూర్తి పత్రాలు ఉన్న భాగాలు ఇప్పటికి ఆ రెండే.