ఈ శరత్తులో ఎక్కడికి పారిపోదాం?

ఆశ్వయుజం వచ్చిందంటే నా ఫోనుకి పూనకం వస్తుంది. ఈ సీజన్‌లో తప్పక చూడాల్సిన పది చోట్లు, లాంగ్ వీకెండ్‌కి ఏడు రోడ్ ట్రిప్పులు, గంటలో ఎగిరి వాలిపోయే అయిదు ఊళ్లు అంటూ పళ్లు తోముకోకముందే మొదలు. మొన్న వచ్చినదైతే మరీ దారుణం. ఆకులు ఎర్రగా, పసుపుగా మారి నెమ్మదిగా రాలిపడే చోటికి వెళ్లి మనసు తేలిక చేసుకోమని సలహా. సరే, మన దగ్గర పరిస్థితి ఎలా ఉందో చూద్దామని పెరట్లోకి వెళ్లాను. కొబ్బరి పచ్చగా ఉంది. పనస పచ్చగా ఉంది. వేప అయితే సిగ్గు లేకుండా పచ్చగా ఉంది. రంగు మారింది ప్రహరీ గోడ ఒక్కటే, అదీ వానలకి పాచి పట్టి పచ్చరంగులోకే మారింది.

ఒడిశా తీరాన ఉన్న మా బరంపురంలో శరత్తులో ఆకులు వాటంతటవి రాలవండి. తుఫాను వచ్చి రాలుస్తుంది, చెట్టుతో సహా. 1999 అక్టోబరు మూడో వారంలో మా పక్కనే సముద్రం ఒడ్డున ఉన్న గోపాలపురం దగ్గర ఒకటి. రెండు వారాలు తిరక్కుండా, అదే అక్టోబరులో, పారదీప్ దగ్గర సూపర్ సైక్లోన్. 2013 అక్టోబరు 12న, సరిగ్గా దుర్గాష్టమి నాడు, ఫైలిన్ మళ్లీ గోపాలపురానికే వచ్చింది. మరుసటి ఏడాది అదే తేదీకి హుద్‌హుద్ విశాఖపట్నం వెళ్లింది. 2018లో తిత్లీ ఒక రోజు ముందే, అక్టోబరు 11న, పలాస దగ్గర దిగింది. దసరా మామూళ్లకి వచ్చేవాళ్లు కూడా ఇంత కచ్చితంగా తేదీ పాటించరు. ఫైలిన్ రాత్రి మేము వీధి తలుపుకి సోఫా అడ్డం పెట్టి, సోఫా మీద బరువుకి మా మావయ్యని కూర్చోబెట్టి తెల్లవార్లూ గడిపాం. ఆయన ఇప్పటికీ ఆ తలుపుని తనే కాపాడానంటారు, మేమూ కాదనం.

ఆ తుఫానుకి ముందు ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ప్రభుత్వం తీరం నుంచి తరలించింది. అంత పెద్ద గ్రూప్ టూర్ ఏ ట్రావెల్స్ వాడూ ఇంతవరకు వేయలేదు. టికెట్ లేదు, బుకింగ్ లేదు, భోజనం వాళ్లదే. తిరిగొచ్చేసరికి ఇంటికి పైకప్పు ఉంటుందన్న హామీ ఒక్కటే ప్యాకేజీలో లేదు. గెట్‌అవే, అంటే ఉన్నచోటు నుంచి పారిపోవడం, అనే మాటకి మా తీరప్రాంతంలో ఇంతకంటే సరైన ఉదాహరణ నాకు తెలీదు, కానీ ఫోనులో వచ్చే ఏ జాబితాలోనూ ఇది కనిపించదు. ఫోటోలు బాగా రావు కదా.

అయినా మనం వెళ్లాలి. వెళ్లకపోతే సోమవారం ఆఫీసులో ఏం చెప్తాం? అందుకని చుట్టుపక్కల ఏమున్నాయో చూద్దామని కూర్చున్నాను, కూర్చున్నాక ఒక విషయం తేలింది. మా వైపు ఏ ఊరికీ సొంత పేరుతో బతికే యోగం లేదు. దారింగ్‌బాడి, మూడు వేల అడుగుల ఎత్తున కాఫీ, మిరియాల తోటలతో తన మానాన తాను ఉన్న కొండ ఊరు. దాన్ని ఒడిశా కశ్మీరు అన్నారు. లంబసింగి ఆంధ్రా కశ్మీరు అయిపోయింది. రెండు రాష్ట్రాలకి చెరొక కశ్మీరు వచ్చేసింది కాబట్టి ఎవరికీ గొడవ లేదు, పాపం కశ్మీరు వాళ్లకి ఈ సంగతి చెప్పారో లేదో. ఇక మా గజపతి జిల్లాలో జిరంగ్ ఉంది. అది మినీ టిబెట్. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే అక్కడ నిజంగానే టిబెటన్లు ఉన్నారు. 1960ల్లో సొంత దేశం వదిలి వచ్చి ఈ చంద్రగిరి కొండల్లో మొక్కజొన్న వేసుకుని స్థిరపడ్డారు. 2010లో దలైలామా వచ్చి ప్రారంభించిన పెద్ద బౌద్ధ మఠం ఉంది. మనవాళ్లు వెళ్లి, మోమోలు తిని, ఆ మఠం ముందు సెల్ఫీ దిగి, కింద గెట్‌అవే అని రాస్తారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చినవాళ్ల గుమ్మంలో నిలబడి ఆ మాట రాయడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి. నేనూ రాశాను. ముప్ఫై రెండు లైకులు.

మహేంద్రగిరి ఒక్కటే ఇంకా ఎవరి పేరూ అప్పు తెచ్చుకోలేదు. 1501 మీటర్లు, పైన పాండవుల పేర్లు చెప్పే పాత రాతి గుళ్లు, పరశురాముడు ఇంకా అక్కడే తపస్సు చేస్తున్నాడని నమ్మకం. ఏ స్విట్జర్లాండో కంటపడకముందే వెళ్లి రండి.

ఇక రోడ్ ట్రిప్ సంగతి. మా కుటుంబంలో ట్రిప్ ప్లాన్ అచ్చం వాతావరణ శాఖ బులెటిన్‌లాగే నడుస్తుంది. మొదట వంటింట్లో అల్పపీడనం ఏర్పడుతుంది, "పక్కింటివాళ్లు అరకు వెళ్లొచ్చారు, మనం పుట్టి ఏం ప్రయోజనం" అని. అది రెండు రోజుల్లో ఫ్యామిలీ గ్రూపులోకి చేరి వాయుగుండంగా మారుతుంది. పిన్నికి రాయగడ మజ్జిగౌరమ్మ మొక్కు ఉంది. అత్తకి తారాతారిణి మెట్లెక్కాలి. పిల్లలకి దేవమాలి కావాలి, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరం అట, రీల్స్‌లో చూశారు. మావయ్యకి ఏసీ కావాలి, ఎక్కడైనా ఫర్వాలేదు. ఇలా తీవ్ర వాయుగుండంగా బలపడి, గంటకి రెండు వందల మెసేజీల వేగంతో కదిలి, చివరికి ఎనభై శాతం సందర్భాల్లో ఇచ్ఛాపురం దగ్గర తీరం దాటి బలహీనపడిపోతుంది. అంటే ఇంటి నుంచి పాతిక కిలోమీటర్లు. గిరిసోలా చెక్‌పోస్టు దాటగానే బోర్డులు తెలుగులోకి మారిపోతాయి. ఒడియా మీడియంలో చదివే మా చిన్నాడు కిటికీలోంచి తల బయటపెట్టి "ఇ... చా..." అని కూడబలుక్కుంటూ ఉంటాడు, ఆ ఒత్తు దగ్గరికి వచ్చేసరికి బోర్డు వెళ్లిపోతుంది. మా ఆవిడ డ్రైవర్ని మళ్లీ వెనక్కి పోనిమ్మంటుంది. ఇలా ఒకసారి ఒకే బట్టల షాపు ముందు నుంచి మూడుసార్లు వెళ్లాం, షాపాయన బయటికొచ్చి డిస్కౌంట్ ఉందని చెప్పాడు.

పోయినేడు మాత్రం వాయుగుండం బలహీనపడలేదు. దారింగ్‌బాడి దాకా వెళ్లింది. పదమూడు సీట్ల ట్రావెలర్‌లో పదిహేను మందిమి, సొరడ దాటాక ఘాటీ ఎక్కేసరికి పులిహోర తిన్నవాళ్లు ఒకవైపు, నిమ్మకాయ వాసన చూసేవాళ్లు ఒకవైపు అయిపోయారు. స్వెటర్లు బరంపురంలోనే వేసుకుని బయల్దేరాం, ఎందుకంటే కశ్మీరు కదా. దారిలో చెమటకి తడిసిన స్వెటర్లు పైకి వెళ్లాక నిజంగానే చలి పుట్టించాయి, కాబట్టి ఆ పేరు పూర్తిగా అబద్ధమని నేననను.

బస గురించి చెప్పాలి. పేరెందుకు గానీ, వ్యాలీ వ్యూ రూమ్ అని చెప్పి రాత్రికి వెయ్యి రూపాయలు అదనంగా తీసుకున్నారు. మేం చేరేసరికి చీకటి పడింది. తెల్లారి లేచి కర్టెన్ తీస్తే తెల్లగా మంచు. ఏమీ కనబడదు. కౌంటర్‌లో కుర్రాడు ఎంతో మర్యాదగా "కుహుడి ఛాడిలే దెఖాజిబ ఆజ్ఞా" అన్నాడు, మంచు వీడితే కనిపిస్తుందని. మంచిదేనని టీలు తాగుతూ, కుర్చీలు కిటికీ వైపు తిప్పుకుని, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టుకుని ఎదురుచూశాం. ఎనిమిదయింది. తొమ్మిదయింది. పదింటికి మంచు మెల్లగా, సినిమాలో తెర లేచినట్టు లేచింది. ఎదురుగా, రెండు గజాల దూరంలో, పక్క బిల్డింగ్ మీద నల్లటి నీళ్ల ట్యాంకు. దాని మీద కాకి. మావయ్య చాలాసేపు దాన్నే చూసి, "వెనకాల ఉంటాది వ్యాలీ" అన్నారు. నిజమే, ఉంది. ట్యాంకు వెనకాలే ఉంది.

రోడ్డు పడనివాళ్లకి విమానం ఉందట, అదీ చిన్న ప్రయాణం, గంటలో అయిపోతుంది. దీని మీద నేను గంభీరంగా లెక్కలు వేశాను. బరంపురం నుంచి విశాఖ రైల్లో 277 కిలోమీటర్లు, దక్షిణానికి. నాలుగైదు గంటలు, మధ్యలో పలాసలో జీడిపప్పు. విమానంలో వెళ్లాలంటే ముందు ఉత్తరానికి నూట డెబ్భై కిలోమీటర్లు భువనేశ్వర్ పోవాలి. రెండు గంటల ముందు చేరాలి. బెల్టు, చెప్పులు, పరువు ట్రేలో పెట్టాలి. అప్పుడు విమానం లేచి వెనక్కి, అంటే మనం వచ్చిన వైపే, వస్తుంది. కిటికీ పక్కన సీటు దొరికి, ఆకాశం తెరిపిగా ఉండి, మన చూపు డేగ చూపైతే, పొద్దున్న మన మేడ మీద ఆరేసిన లుంగీని కూడా చూసుకోవచ్చు. మొత్తం ఏడు గంటలు. రైలెక్కినవాడు ఈపాటికి విశాఖ బీచ్‌లో ముంత మసాలా తినేసి చేతులు దులుపుకుంటూ ఉంటాడు.

ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు. ఉడాన్ పథకం 2016లో వచ్చింది, గంట ప్రయాణానికి 2,500 రూపాయలని ఒక పరిమితి పెట్టారు, హవాయి చెప్పులవాడు కూడా విమానం ఎక్కాలని ప్రధాని అన్నారు. మా తోడల్లుడు ఉండే కొరాపుట్ జిల్లా జయపురానికి 2022లో నిజంగానే విమానం వచ్చింది. తొమ్మిది సీట్లు. మా ఇంట్లో పదకొండు మందిమి, కాబట్టి ఆకాశంలో కూడా ఇద్దర్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సిందే. పైగా చిన్న విమానమంటే బరువు లెక్క పెద్దది. ఆవకాయ జాడీ ఎక్కాలంటే మావయ్య దిగాలి. ఓటింగ్ పెడితే ఎవరు గెలుస్తారో మా ఇంట్లో అందరికీ తెలుసు, మావయ్యకి తప్ప.

దూరప్రయాణాలు మా రక్తంలో లేవనుకోకండి. ఒకప్పుడు గోపాలపురం రేవు నుంచి రంగూన్‌కి స్టీమర్లు వెళ్లేవి. ఇటు గంజాం నుంచి, అటు శ్రీకాకుళం నుంచి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికి మనవాళ్లే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని డెక్కు మీద పడుకుని వెళ్లారు. వ్యూ మాత్రం దొరికేది. నాలుగు దిక్కులా సముద్రమే, అదనపు చార్జీ లేదు.

ఈ విషయంలో నాకు అసూయ పుట్టేది చిలికా సరస్సు పక్షుల మీద. చలికాలం మొదలయ్యేసరికి సైబీరియా నుంచి, మంగోలియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి నలబణా దీవి మీద, మంగళాజోడి బురదలో దిగిపోతాయి. జనవరిలో లెక్కపెడితే ఈమధ్య ఏటా పది లక్షలు దాటుతున్నాయి. ఒక్కటి కూడా ఫ్యామిలీ గ్రూపులో అభిప్రాయం అడగదు. ఒక్కటి కూడా వచ్చిన చోటికి మినీ సైబీరియా అని పేరు పెట్టదు. వచ్చి తింటాయి, నిలబడతాయి, వెళ్లిపోతాయి. వాటిని చూడ్డానికి మనం పడవెక్కి, పడవలో వాటికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటాం.

ఇవన్నీ ఆలోచించి, ఈ దసరాకి ఎక్కడికీ వెళ్లకూడదని మొన్న తీర్మానించుకున్నాను. తప్తపాణిలో వేడినీళ్ల ఊట ఉంటే ఉంది, మా ఇంట్లో గీజర్ ఉంది. మా ఆవిడ కూడా ఒప్పుకుంది, అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది. సాయంత్రం హైదరాబాద్ నుంచి అక్క మొగుడు ఫోను.

"ఏటి బావా, దసరాకి ఊళ్లోనే ఉంటారంట కదా?"

ఉంటాం బావా అన్నాను, పారిపోవడానికి నోటికి ఏమీ తట్టక.

"ఇంకేం! ఇక్కడ ఫోన్లో ఒక లిస్టు వచ్చింది. జనం లేని చోట్లు అంట. గోపాలపురం రెండోది. ఒడిశా గోవా అని రాశాడు. మేం తొమ్మిది మందిమి. హోటలెందుకు, మీ ఇంటికి పదహారు కిలోమీటర్లే చూపిస్తంది. మేడ మీద గది ఖాళీయే కదా?"

వంటింట్లో అప్పటికే అప్పడాల డబ్బా దించుతున్న చప్పుడు. నేను తప్ప అందరికీ ముందే తెలుసన్నమాట. మెట్లెక్కి గది తలుపు తీశాను. పాత పరుపు, విరిగిన కూలరు, ఫైలిన్‌కి పగిలి అట్టముక్కతో మూసిన ఒక కిటికీ అద్దం.

"కిటికీలోంచి ఏటి కనిపిస్తాది బావా? పిల్లలు వ్యూ అడుగుతన్నారు."

కర్టెన్ పక్కకి జరిపాను. ఎదురింటివాళ్లు ఈ మధ్యే కొత్త ట్యాంకు పెట్టించారు. నల్లది.

"పొద్దున్న కాస్త మంచుంటాది బావా," అన్నాను. "అది తగ్గాక వ్యాలీ కనిపిస్తాది."